పదిమందిలో పడ్డ పాము: గురుత్వ తరంగాల కేసు

మా ప్రాజెక్టులో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలో నేనొక క్లాసు చెప్పాలి. 'పెద్ద బృందాల్లో పనిచేయడం' అని టైమ్‌టేబుల్‌లో వేస్తారు. మొదట్లో స్లైడ్లు చేసుకుని వెళ్లేదాన్ని. సమన్వయం, పారదర్శకత, బాధ్యత అంటూ వరసగా పెడితే పది నిమిషాలకల్లా అందరూ ఫోన్లలోకి వెళ్లిపోయేవారు. వాళ్లననేదేముంది, చెప్పే నాకే ఆవలింతలొచ్చేవి. అందుకని కొన్నేళ్లుగా ఒక్క కేసే చెబుతున్నాను. గురుత్వ తరంగాలంటే భారీ ఘటనలు జరిగినప్పుడు స్థలకాలంలో లేచే అలలు. 2015 సెప్టెంబర్ 14న, వాటిని పట్టడానికి కట్టిన లైగో డిటెక్టర్లలో ఒక సిగ్నల్ పడింది. 2016 ఫిబ్రవరి 11న దాన్ని ప్రపంచానికి చెప్పారు. ఆ మధ్య ఐదు నెలలు వెయ్యిమందికి పైగా మనుషులు ఏం చేశారన్నదే కేసు.

నేను లైగోలో పనిచేయలేదు. విదేశంలో ఇంకో పెద్ద భౌతికశాస్త్ర ప్రయోగంలో ఆరేళ్లు డేటా క్వాలిటీ చూశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో, ఐదు సంస్థలు కలిసి చేస్తున్న ఒక చిన్న ప్రాజెక్టులో డేటా పనులన్నీ నా నెత్తిన ఉన్నాయి. లైగో గురించి ఇక్కడ చెప్పేవన్నీ అందరికీ తెలిసేలా బయటికొచ్చిన సంగతులే. వాటిని నేను చదువుకునే తీరు మాత్రం నా నైట్ షిఫ్టులు నేర్పింది.

'పదిమందిలో పడ్డ పాము చావదు' అనేది మా అమ్మమ్మ. పక్కవాడు కొడతాడులే అని ఎవరికి వారు ఊరుకుంటారు, అది కాస్తా కలుగులోకి జారుకుంటుంది. పదిమందికే అలా ఉంటే వెయ్యిమంది మాటేమిటి?

ఎవరెవరు, ఎక్కడెక్కడ

లైగోకు అమెరికాలో రెండు డిటెక్టర్లున్నాయి. ఒకటి వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్ దగ్గర, రెండోది లూసియానాలో లివింగ్‌స్టన్ దగ్గర. మధ్య దూరం దాదాపు 3,000 కిలోమీటర్లు. ఒక్కోటీ ఎల్ అక్షరంలా ఉంటుంది, ఒక్కో చెయ్యి పొడవు 4 కిలోమీటర్లు. ఆ చేతుల్లో లేజర్ కాంతి అద్దాల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఎక్కడో రెండు కృష్ణబిలాలు ఢీకొంటే పుట్టిన గురుత్వ తరంగం భూమిని దాటేటప్పుడు ఆ చేతుల పొడవు కాస్త మారుతుంది. కాస్త అంటే ప్రోటాన్ వెడల్పు కన్నా వందల రెట్లు తక్కువ. అంత చిన్న కదలికను పట్టే యంత్రం లారీ పోయినా కదులుతుంది, గాలి వీచినా కదులుతుంది, దూరాన సముద్రంలో అలలు లేచినా కదులుతుంది. అందుకే సిగ్నల్ పట్టుకోవడం సగం పనే. అది లారీ కాదని చూపించడం మిగతా సగం.

ఈ రెండో సగానికే జనం కావాలి. 1997లో లైగో సైంటిఫిక్ కొలాబరేషన్ అనే శాస్త్రవేత్తల కూటమి ఏర్పడింది. అందులో చేరే ప్రతి గ్రూపూ తాము ఏ పని చేసిపెడతారో ఒప్పందం రాసుకుంటుంది. అందరి తరఫునా మాట్లాడే మనిషిని సభ్యులే ఎన్నుకుంటారు. 2007లో ఇటలీలో పీసా దగ్గరున్న విర్గో డిటెక్టర్ వాళ్లతో ఇంకో ఒప్పందం కుదిరింది. డేటా ఉమ్మడి, విశ్లేషణ ఉమ్మడి, పరిశోధన పేపర్లు ఉమ్మడి.

ఆ కాగితం విలువ ఎనిమిదేళ్ల తర్వాత తెలిసింది. సిగ్నల్ పడిన రోజున విర్గో నడవడం లేదు, దాన్ని విప్పి మెరుగుపరిచే పని జరుగుతోంది. అయినా పేపర్ మీద విర్గో వాళ్ల పేర్లున్నాయి. గట్టు తగాదాలు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకిది భలే ముచ్చటేస్తుంది. పంట పండకముందే పంపకాలు రాసుకున్నారన్నమాట. పండాక కూర్చుంటే ఎవరి బావి నీళ్లు, ఎవరి ఎద్దులు అనే లెక్క ఎప్పటికీ తేలదు.

గ్రాండ్ టెస్ట్

ఇంటర్‌లో ఎంసెట్ కోచింగ్ తీసుకున్నవాళ్లకు గ్రాండ్ టెస్ట్ గురించి చెప్పక్కర్లేదు. అసలు పరీక్షలాగే ఉంటుంది, మార్కులు మాత్రం ఎక్కడా పనికిరావు. లైగో కూడా అలాంటిది పెట్టింది. తేడా ఏమిటంటే, అది ఉత్తుత్తి పరీక్షని రాసేవాళ్లకు తెలియదు.

డిటెక్టర్ అద్దాలను తెలిసీ తెలియనంత నెట్టి, నిజమైన తరంగం వచ్చినట్టే నకిలీ సిగ్నల్‌ను లోపలికి ఎక్కించవచ్చు. దాన్ని ఇంజెక్షన్ అంటారు. గుప్పెడుమందికి తప్ప ఎవరికీ చెప్పకుండా ఎక్కిస్తే బ్లైండ్ ఇంజెక్షన్. 2007 సెప్టెంబర్‌లో ఒకటి అలా ఎక్కించారు. అందరికీ గుర్తుండిపోయింది మాత్రం 2010 సెప్టెంబర్ 16న ఎక్కించినదే. ఆకాశంలో కానిస్ మేజర్, అంటే పెద్దకుక్క నక్షత్రమండలం వైపు నుంచి వచ్చినట్టు కనిపించడంతో దానికి బిగ్ డాగ్ అని పేరు పడింది.

ఆరు నెలలు విశ్లేషించారు. పేపర్ రాశారు, లోలోపల తిరగరాశారు, పత్రికకు పంపేందుకు సిద్ధం చేసుకున్నారు. 2011 మార్చి 14న కాలిఫోర్నియాలోని ఆర్కేడియాలో అందరూ సమావేశమయ్యారు. అప్పటి లైగో డైరెక్టర్ జే మార్క్స్, అది నిజమా నకిలీయా అన్న గుట్టు దాచిన కవరు తెరిచారు. నకిలీ.

క్లాసులో ఇక్కడికి రాగానే ఎవరో ఒకరు "అరె, ఆరు నెలలు వేస్టా మేడమ్?" అంటారు. వేస్టు ఎందుకు కాదో ఒక్క తగాదా చెబితే తెలిసిపోతుంది.

దొరికింది కాకతాళీయమేమో అని లెక్కకట్టడానికి వాళ్ల దగ్గర చక్కటి కిటుకొకటి ఉంది. గురుత్వ తరంగం కాంతి వేగంతో వస్తుంది కాబట్టి రెండు డిటెక్టర్లకూ 10 మిల్లీసెకన్లకు మించి తేడా రాకూడదు. ఒక డిటెక్టర్ డేటాను కావాలనే అంతకన్నా ఎక్కువగా పక్కకు జరిపి రెండోదానితో పోల్చి చూస్తారు. ఇప్పుడు రెండింట్లోనూ ఒకేసారి ఏదైనా కనిపించిందంటే అది తరంగం అయ్యే వీల్లేదు, వట్టి శబ్దమే, అంటే లారీలాంటివాటి వల్ల యంత్రంలో పుట్టే చిల్లర కదలికే. ఇంకాస్త జరిపి మళ్లీ చూస్తారు. అలా లెక్కలేనన్ని సార్లు. చేతిలో ఉన్నది కొన్ని రోజుల డేటా అయినా, వేల ఏళ్లు కాపలా కాసి కాకతాళీయాలను లెక్కపెట్టినట్టవుతుంది. బిగ్ డాగ్ లాంటిది శబ్దం వల్ల 7,000 ఏళ్లకు ఒకసారి రావచ్చని అలాగే తేల్చారు.

చిక్కల్లా జరిపేటప్పుడు వస్తుంది. ఒక డిటెక్టర్‌లోని పెద్దకుక్క రెండో డిటెక్టర్‌లోని చిల్లర శబ్దంతో జతకలిసి ఉత్తుత్తి జోడీలను పుట్టిస్తుంది. వాటిని చిన్నకుక్కలన్నారు. వీటిని లెక్కలో ఉంచాలా, తీసేయాలా? పెద్దకుక్క నిజమైన తరంగమైతే అది శబ్దం కాదు కాబట్టి దాని పిల్లలను తీసేయాలి. కానీ అది నిజమా కాదా అని తేల్చడానికే కదా ఈ లెక్కంతా! తీసేస్తే విచారణ కాకముందే తీర్పు రాసినట్టు. ఉంచితే నిజమైన సిగ్నల్‌నే తన మీద తానే సాక్ష్యం చెప్పమన్నట్టు. రెండు వైపులా తలపండినవాళ్లే, రెండు వాదాలూ సబబే.

ఇలాంటి గొడవ అసలు సిగ్నల్ చేతికొచ్చాక మొదలైతే ఎవరి మాట నెగ్గినా రెండోవాళ్ల మనసులో ముల్లు మిగిలిపోతుంది. నకిలీ మీద కొట్లాడుకున్నారు కాబట్టి ఓడినవాళ్లు కూడా నవ్వుకుని ఇంటికి వెళ్లగలిగారు. ఇంకో చిన్న సంగతి. బిగ్ డాగ్ పేపర్ శీర్షిక 'ఆధారం' అన్న మాటతో మొదలవుతుంది. 2016 నాటి అసలు పేపర్ శీర్షిక 'పరిశీలన' అన్న మాటతో మొదలవుతుంది. కనబడింది అనడానికీ, చూశాం అనడానికీ ఉన్నంత తేడా.

సోమవారం మధ్యాహ్నం 3:20

2015 సెప్టెంబర్ 14. మనకు వినాయక చవితి ఇంకా మూడు రోజులుంది. ప్రపంచ సమయం ప్రకారం ఉదయం 9:50:45, మన గడియారంలో మధ్యాహ్నం 3:20. లివింగ్‌స్టన్‌లో తెల్లవారుజాము 4:50. డిటెక్టర్లు కొత్త పరికరాలతో తిరిగి మొదలై, ఇంకా ట్రయల్ రన్‌లోనే ఉన్నాయి. అధికారికంగా పరిశీలన మొదలుపెట్టలేదు.

ఆ రాత్రి లివింగ్‌స్టన్‌లో రాబర్ట్ షోఫీల్డ్, అనమారియా ఎఫ్లర్ అనే ఇద్దరు చుట్టుపక్కల శబ్దాలు డిటెక్టర్‌ను ఎంత కదిలిస్తాయో పరీక్షిస్తున్నారు. ఇంకో పరీక్ష మిగిలే ఉంది. కానీ బాగా పొద్దుపోయింది, అలసిపోయారు, ఇక చాల్లే అని నాలుగింటి ప్రాంతంలో ఆపేసి వెళ్లిపోయారు. గంట తిరక్కుండానే, 130 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన తరంగం వచ్చింది. ముందు లివింగ్‌స్టన్‌ను తాకింది, 7 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌ను. ఉన్నది సెకనులో ఐదో వంతు. పనిదొంగతనాన్ని నేను సమర్థించను గానీ, ఆ ఇద్దరికీ నిద్ర ముంచుకొచ్చినందుకు భౌతికశాస్త్రం రుణపడి ఉండాలి.

మూడు నిమిషాల్లో కంప్యూటర్ ప్రోగ్రాం హెచ్చరిక పంపింది. మొదట చూసింది జర్మనీలోని హనోవర్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగంలో ఉన్న మార్కో డ్రాగో. మరీ చక్కగా ఉంది కాబట్టి ఎవరో ఎక్కించిన నకిలీయే అనుకున్నాడు. పక్కనే ఉండే ఆండ్రూ లండ్‌గ్రెన్‌కు చూపించాడు. ఇంజెక్షన్ జరిగిందా అని రికార్డులు వెతికితే ఏమీ కనిపించలేదు. రెండు కంట్రోల్ రూమ్‌లకూ ఫోన్ చేశారు. ఒక్క లివింగ్‌స్టన్‌లోనే ఎత్తారు. ఇక్కడ ప్రత్యేకంగా ఏమీ లేదన్నారు. సిగ్నల్ పడ్డ దాదాపు గంటకు డ్రాగో మొత్తం కొలాబరేషన్‌కు ఈమెయిల్ పెట్టాడు. చాలా ఆసక్తికరమైన ఈవెంట్ ఒకటి కనబడింది, ఇది ఇంజెక్షన్ కాదని ఎవరైనా నిర్ధారిస్తారా అన్నది దాని సారాంశం.

పిల్లలను ఇక్కడ కాసేపు ఆపుతాను. నూరేళ్ల కిందట ఐన్‌స్టీన్ చెప్పినదాన్ని మొట్టమొదట కళ్లారా చూసినవాడు 'దొరికింది' అని రాయలేదు, 'కాదని చెప్పండి' అని అడిగాడు. అతని వినయం గురించి నేనేమీ అనను, మనిషి నాకు తెలియదు. 2010లో కుక్క కరిచిన ఇంట్లో పెరిగిన పోస్ట్‌డాక్ అలాగే అడుగుతాడు.

ముట్టుకోవద్దు

ఆ తర్వాతి నిర్ణయం కేసు మొత్తంలో నాకు బాగా నచ్చింది. పేపర్లలో దానికి దక్కేది ఒకటి రెండు వాక్యాలే. డిటెక్టర్లను ఉన్నవి ఉన్నట్టు వదిలేయాలన్నారు. సర్దుబాట్లు, మెరుగులు అన్నీ బంద్.

కారణం సులువే. జరిపి పోల్చే ఆ లెక్కకు, సిగ్నల్ పడ్డప్పుడు యంత్రం ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో తీసిన డేటా ఇంకా కావాలి. ఒక్క స్క్రూ తిప్పినా శబ్దం తీరు మారిపోతుంది, పాత సిగ్నల్‌ను కొత్త శబ్దంతో తూచినట్టవుతుంది. అక్టోబర్ 20 దాకా అలా నడిపితే రెండు డిటెక్టర్లూ కలిసి పనిచేసిన డేటా 16 రోజులకు సరిపడా వచ్చింది. దాన్నిబట్టి తేలింది: ఇలాంటిది వట్టి శబ్దం వల్ల రావడం 2,03,000 ఏళ్లకు ఒకసారి కన్నా అరుదు.

చెప్పడానికి సులువే గానీ, పరికరాల మీద పనిచేసినవాళ్లకు తెలుసు ఇదెంత కష్టమో. ఇంజనీరు అనేవాడు అద్దం వంకరగా ఉందని తెలిసి చేతులు కట్టుకుని కూర్చోలేడు. నేను చేసిన ప్రయోగంలో ఇలాగే 'ముట్టుకోవద్దు' అన్న రోజుల్లో ఒకాయన రోజూ కంట్రోల్ రూమ్‌కు వచ్చి స్క్రీన్ ముందు నిలబడి, నిట్టూర్చి, కాఫీ తాగి వెళ్లేవాడు.

అనుమానాల పంపకం

ఇక అనుమానించే పని. దీన్ని వాటాలు వేసుకున్నారు. డిటెక్టర్ చుట్టూ భూకంప మాపకాలు, మైకులు, అయస్కాంత క్షేత్రం కొలిచేవి కలిపి లక్షకు పైగా సహాయక రీడింగులు నిత్యం నమోదవుతుంటాయి. ఆ సెకనులో వాటిలో ఏదైనా ఉలిక్కిపడిందా అని ఒక గుంపు వెతికింది. పెద్ద పిడుగు ఒకేసారి రెండు చోట్లా ప్రభావం చూపి ఉంటుందా అని చూశారు. సిగ్నల్ వెతికే ప్రోగ్రాములు వేర్వేరు పద్ధతులవి కాబట్టి, ఒకదాని మాట వినకుండా ఇంకోటి అదే చెబుతుందా అని చూశారు. చివరికి, లోపలివాళ్లెవరైనా దొంగచాటుగా నకిలీ సిగ్నల్ ఎక్కించారా అని విచారించడానికి కూడా మనుషులను పెట్టారు. అది సాధ్యం కావాలంటే వేర్వేరు వ్యవస్థలు క్షుణ్ణంగా తెలిసినవాళ్లు కొందరు కూడబలుక్కోవాలి, ఎక్కడా ఆనవాలు మిగలకూడదు. అలాంటిది జరగలేదనే తేల్చారు.

మామూలు ఆఫీసులో 'నువ్వే దొంగపని చేశావేమో' అంటే జీవితాంతం మాటలుండవు. ఇక్కడ అది ఒక కమిటీకి అప్పజెప్పిన పని. ఎవరూ మొహం మాడ్చుకోనక్కర్లేదు. మన భాషలో కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటే తిట్టు. అక్కడ అదొక డ్యూటీ, దానికి ఇన్‌ఛార్జి ఉంటారు, నివేదికకు గడువు ఉంటుంది. పాము కథకు నా జవాబు ఇదే. తలకాయ ఎవరు పట్టాలో, తోక ఎవరు తొక్కాలో, కర్ర ఎవరి చేతిలో ఉండాలో ముందే రాసుంటే పక్కవాడి మొహం చూసే పనుండదు.

దీన్ని ఇంకో కేసు పక్కన పెడితే తేడా తెలుస్తుంది. 2011 సెప్టెంబర్‌లో ఒపేరా ప్రయోగం వాళ్లు, జెనీవా దగ్గరున్న సెర్న్ ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందే చేరాయని ప్రకటించారు. బృందంలో కొందరు ఆ పేపర్ మీద పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు. తర్వాత చూస్తే ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగా బిగించలేదు. వాళ్లను వెక్కిరించడం నాకిష్టం ఉండదు. మాకు అంతుబట్టడం లేదు, మీరూ చూడండి అని నిజాయతీగానే బయటపెట్టారు. కానీ 'నాన్నా పులి' కథలో కుర్రాడు అబద్ధమాడాడు, వీళ్లు ఆడలేదు అన్న తేడా ఊళ్లోవాళ్లకు పట్టదు.

లైగోలో నోరు కట్టుకోవడం మాత్రం పూర్తిగా కుదరలేదు. సెప్టెంబర్ నెల దాటకుండానే బయటి భౌతిక శాస్త్రవేత్త ఒకరు ట్విట్టర్లో పుకారు రాసేశారు. వెయ్యిమందికి తెలిసిన రహస్యం ఐదు నెలలు ఆగుతుందని ఎవరూ అనుకోలేదనుకుంటా.

"ఆ టైము మనదా, వాళ్లదా?"

నా సొంత గొడవ ఒకటి చెప్పాలి, ఎందుకంటే లాగ్‌బుక్ అనే మాట వినగానే పిల్లలకు నిద్రొస్తుంది.

నేను చేసిన ఆ పెద్ద ప్రయోగంలో కొన్నాళ్లు సెలవు మీద ఇంటికొచ్చి, విజయవాడ నుంచే రిమోట్ షిఫ్టులు చేశాను. ఒక రాత్రి డిటెక్టర్ కూలింగ్‌లో చిన్న ఒడుదొడుకు కనిపించింది. లాగ్‌బుక్‌లో రాశాను: 2:40కి ఉష్ణోగ్రత పెరిగింది, 2:55కి సర్దుకుంది. అంతే. మూడు వారాల తర్వాత తెలిసింది, ఇంకో దేశంలో ఒక గ్రూపు తమ డేటాలోని వింత గీతకు కారణం వెతుక్కుంటూ నా ఎంట్రీ చూసి, టైము కలవడం లేదని పక్కన పెట్టేసిందని. నేను రాసింది మన టైము. వాళ్లు చదివింది ప్రపంచ సమయం. మధ్యలో ఐదున్నర గంటలు, ముగ్గురు మనుషుల మూడు వారాలు.

పట్టుకున్నది మా గ్రూపులోనే ఉన్న తెనాలి వైపు పెద్దాయన. ఫోన్ చేసి తిట్టలేదు. "ఏమ్మా, ఆ టైము మనదా, వాళ్లదా?" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. "మనదే సార్" అన్నాను. "సరే, అలాగే రాయి. నేను రాశాను, తప్పు రాశాను, ఇదీ సరైన టైము అని కింద ఎంట్రీ పెట్టు. పాతది మాత్రం చెరపకు" అన్నారు. పెట్టాను. నలుగురు చూస్తారని ఆ రాత్రంతా టెన్షన్. మర్నాడు ఆ గ్రూపు నుంచి ఒక్క వాక్యం వచ్చింది, థ్యాంక్స్ అని. వారానికి లాగ్‌బుక్ ఫారంలో టైమ్ జోన్ గడి కొత్తగా కనిపించింది.

లివింగ్‌స్టన్‌లో ఆ ఇద్దరూ ఎప్పుడు ఏ పరీక్ష చేశారో, ఎప్పుడు ఆపారో నిమిషాలతో సహా రాసి లేకపోతే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించుకోండి.

పేర్లు

పేపర్ మీద వెయ్యికి పైగా పేర్లు, అక్షరక్రమంలో. అందుకే చరిత్రలో అది 'అబాట్ తదితరుల' పేపర్. ఎక్కువ పని చేసినందుకు కాదు, ఇంగ్లిష్ 'ఏ' (A) అక్షరం ముందున్నందుకు. ఫలితం చూడకుండానే చనిపోయిన సభ్యుల పేర్లు కూడా జాబితాలో ఉన్నాయి, పక్కన చిన్న గుర్తుతో. ఈ లెక్కలో లైగో చిన్నదే. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు కలిపి వేసిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లు, సంస్థలే.

దీనివల్ల కుర్రవాళ్లకు నష్టం ఉంది, దాచిపెట్టడం అనవసరం. ఉద్యోగం ఇంటర్వ్యూలో 'ఇందులో నువ్వు చేసిందేమిటి?' అంటే పేపర్ చూపించి లాభం లేదు. సిఫారసు లేఖ రాసే పెద్దమనిషి దయ మీద ఉంటుంది. అందుకే ఎవరే పని చేశారో లోపలి నోట్స్‌లో పేరుతో సహా నమోదు చేయించమని మా పిల్లలకు పోరుతుంటాను.

తెలుగువాళ్లకు అదనంగా ఇంకో తలనొప్పి. ఇంటిపేరు ముందు రాస్తాం, పాస్‌పోర్టులో అది వెనక్కి పోతుంది, లేదా ఒక్క అక్షరమై మిగులుతుంది. అక్షరక్రమం జాబితాలో నేను మొదటి రెండేళ్లు ఇంటిపేరుతో ఒకచోట, అసలు పేరుతో ఇంకోచోట ఉన్నాను. రెండు చోట్లా ఉన్నందుకు ఎవరూ రెండు జీతాలివ్వలేదు.

లైగో పేపర్ జాబితాలో మనవాళ్లూ కనిపిస్తారు. శబ్దంలో కూరుకుపోయిన సిగ్నల్‌ను వెతికే పద్ధతుల మీద పుణేలో సంజీవ్ ధురంధర్, బి.ఎస్. సత్యప్రకాశ్ 1990ల్లోనే పనిచేశారు. ఢీకొన్న కృష్ణబిలం గంటలా మోగి సద్దుమణిగే తీరును సి.వి. విశ్వేశ్వర 1970లోనే చెప్పారు. నాందేడ్ పక్కన హింగోలి జిల్లాలో, ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రపు నేల మీద, లైగో-ఇండియా కట్టడానికి 2023లో కేంద్రం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

2017, క్లుప్తంగా

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సిగ్నల్ వచ్చింది. ఈసారి సమస్య వేరు. గడపదాటి, టెలిస్కోపుల వాళ్లందరితో కలిసి గంటల్లో పనిచేయాలి. లివింగ్‌స్టన్ డేటాలో సరిగ్గా సిగ్నల్ మీదే ఒక పెద్ద చిటపట పడింది, ఆటోమేటిక్ వ్యవస్థ దాన్ని చెత్త అని తోసేసింది. హాన్‌ఫర్డ్ హెచ్చరిక మాత్రమే వచ్చింది. మనుషులు బొమ్మ తెరిచి చూస్తే చిటపట వెనకాల పైకి వంపు తిరుగుతున్న గీత స్పష్టంగా ఉంది. ఆ ముక్కను శుభ్రం చేసి, విర్గో డేటా కూడా కలిపి, ఆకాశంలో ఎక్కడ వెతకాలో పటం పంపడానికి ఐదు గంటలు పట్టింది. కొన్ని గంటల్లోనే చిలీలోని ఒక టెలిస్కోపు ఆ ఢీకొనడంలో పుట్టిన వెలుగును పట్టింది. ఆ సంఘటన మీద ఉమ్మడిగా వచ్చిన పేపర్‌కు రచయితలు 3,500కు పైనే. మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్‌కు ఆ సమయంలో భూమి అడ్డొచ్చింది, ఏమీ కనిపించలేదు. 'మాకు కనిపించలేదు' అన్నది కూడా పనికొచ్చింది, వెతకాల్సిన మేర తగ్గింది కాబట్టి. ఏమీ దొరకనివాళ్లను కూడా పేపర్‌లో కూర్చోబెట్టడం నాకు నచ్చే ఇంకో అలవాటు.

మా దగ్గర

మాది నేల కంపనాలు కొలిచే ప్రాజెక్టు. నిరుడు మేమూ గ్రాండ్ టెస్ట్ పెట్టాం. నేనూ ఇంకొకరూ తప్ప ఎవరికీ తెలియకుండా డేటాలో రెండు నకిలీ సిగ్నళ్లు ఎక్కించి, వివరాలు కవరులో పెట్టి అకౌంట్స్ మేడమ్ బీరువాలో దాచాం. నెల రోజులు గడువిచ్చాం.

పిల్లలు మూడు పట్టుకొచ్చారు.

మేం పెట్టింది రెండే. మూడోది తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో వచ్చి గంటన్నర ఉంటోంది. రోజు విడిచి రోజు. చూడ్డానికి మా నకిలీల కన్నా అందంగా ఉంది. అనుమానాల పంపకం మొదలైంది. ఒకరు లిఫ్టు చూశారు, ఒకరు ఏసీ కంప్రెసర్, ఒకరు మెట్రో టైములు. రోజు విడిచి రోజు నడిచేది ఏదీ దొరకలేదు. రెండు వారాలు పోయాయి. ఒకబ్బాయి శీర్షికలో 'ఆధారం' అన్న మాటతో ముసాయిదా కూడా మొదలుపెట్టాడు.

చివరికి ఒకమ్మాయి తెల్లవారుజామున వచ్చి గేటు దగ్గర నిలబడింది. వాచ్‌మన్ ఏం కావాలమ్మా అంటే చెప్పింది. ఆయన నవ్వాడట. "గది నల్లా రోజు కదమ్మా. నీళ్లిడువంగనే పక్క హాస్టలోల్లు పెద్ద మోటర్ ఏస్తరు. ముంగట అడిగితే నేనే చెప్తుంటి."

ఆయన మా మెయిలింగ్ లిస్టులో లేడు మరి. ఇప్పుడు గేటు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టాం. నల్లా ఎప్పుడొచ్చింది, మోటారు ఎప్పుడు ఆగింది, ట్యాంకర్ ఎప్పుడు వచ్చిపోయింది అన్నీ ఆయన తెలుగులో రాస్తాడు. వారానికోసారి ఎవరో ఒకరు వాటిని లాగ్‌బుక్‌లోకి ఎక్కిస్తారు, ఐదున్నర గంటలు తీసేసి.